జర్మన్ విలేజ్: కొలంబస్‌లో నడకకు అనువైన పాత పేట

జర్మన్ విలేజ్ అమెరికాలోని ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్‌లో, నగర కేంద్రానికి దక్షిణాన ఆనుకొని ఉన్న పాత నివాస ప్రాంతం. విస్తీర్ణం సుమారు 233 ఎకరాలు. చదరపు కిలోమీటరుకు కాస్త తక్కువ. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీ నుంచి వలస వచ్చిన బీరు కార్మికులు, తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, మాంసం వ్యాపారులు, చిల్లర కొట్లవాళ్లు ఈ పేటను కట్టుకున్నారు. వాళ్లు కట్టిన ఇటుక ఇళ్లలో చాలావాటిలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. 1974 డిసెంబరు 30న ఈ పేట జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. ప్రభుత్వ నిధుల మీద ఆధారపడకుండా ఇంటి యజమానులే సొంత డబ్బుతో బాగుచేసుకున్న చారిత్రక ప్రాంతాల్లో దేశంలోకెల్లా పెద్దవాటిలో ఇదొకటి.

2020 జనాభా లెక్కల ప్రకారం కొలంబస్‌లో 9,05,748 మంది ఉన్నారు. ఒహాయోలో ఇదే పెద్ద నగరం. అయినా 1979లో ఆఖరి ప్రయాణికుల రైలు ఆగిపోయాక ఇక్కడికి రైలే లేదు. సిటీ బస్సులున్నా ఊరు సాగేది ప్రధానంగా కార్ల మీదే. పాలు తేవాలన్నా పిల్లల్ని బడిలో దింపాలన్నా కారు తీయక తప్పని శివారు కాలనీలు ఈ నగరం చుట్టూ మైళ్ల కొద్దీ పరుచుకున్నాయి. అలాంటి ఊళ్లో బేకరీ, సెలూను, బడి, చర్చి, పార్కు, పుస్తకాల కొట్టు, రాత్రి భోజనానికి హోటలు అన్నీ పావుగంట నడకలో దొరికే పేట మిగలడం చిన్న సంగతి కాదు. దాని వెనక ఒక కాలపు అవసరం ఉంది, తరవాతి కాలపు మంకుపట్టు ఉంది. ఈ రెండింటినీ కలిపి చెప్పుకోకపోతే జర్మన్ విలేజ్ అందమైన పోస్టుకార్డుగా మాత్రమే కనిపిస్తుంది.

పుట్టుక

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో తిరుగుబాటుదారుల పక్షం వహించి, కెనడాలో ఆస్తులు పోగొట్టుకొని వచ్చినవాళ్లకు పరిహారంగా కేటాయించిన భూముల్లో ఈ నేల కూడా ఉంది. 1802 నాటికి జాన్ మెక్‌గొవన్ అనే ఆయన ఇక్కడ 328 ఎకరాలు సంపాదించి, వలస వచ్చినవాళ్లకు ముక్కలుగా అమ్మసాగాడు. కొలంబస్ నగరం 1812లో ఏర్పడింది. 1814కల్లా దానికి దక్షిణపు అంచున చిన్న జనావాసం తయారైంది. 1831లో కాలువ, 1833లో జాతీయ రహదారి కొలంబస్‌ను చేరాక వలస ఊపందుకుంది. 1848లో జర్మన్ రాజ్యాల్లో చెలరేగిన విప్లవం విఫలమవడంతో చదువుకున్నవాళ్లు, పత్రికలవాళ్లు, సంఘాలు నడిపేవాళ్లు కూడా ఓడలెక్కారు. 1865 నాటికి కొలంబస్ జనాభాలో మూడో వంతు జర్మన్లే.

పేటకు ప్రాణం పోసింది బీరు పరిశ్రమ. లూయిస్ హోస్టర్ 1836లో ఇక్కడ బట్టీ పెట్టాడు. ఆ వెనకే మరికొందరు వచ్చారు. ఆ బట్టీలున్న భాగం పడమటి పక్కనే ఉంది, నేటికీ దాన్ని బ్రూవరీ డిస్ట్రిక్ట్ అనే పిలుస్తారు. పొద్దున్నే పనిలోకి పోవాల్సిన కార్మికుడికి బండి లేదు, గుర్రం లేదు. ఇల్లు పనికి నడిచి చేరేంత దగ్గరలో ఉండాలి, స్థలం అతని కూలికి అందేంత చిన్నదై ఉండాలి. ఈ రెండు అవసరాల నుంచే పేట రూపం పుట్టింది. ఇరుకు స్థలాలు, వీధి అంచుదాకా వచ్చిన ఇళ్లు, మూలమలుపుల్లో కొట్లు, వెనకవైపు సన్నటి సందులు, వీటిని ఏ నగర ప్రణాళికా నిపుణుడూ కాగితం మీద గీయలేదు. ఇప్పుడు నిపుణులు ఎంతో పొగిడే ఈ లక్షణాలన్నీ ఆనాటి కార్మికుల జేబులు నిర్ణయించినవే.

ఆ రోజుల్లో చదువు, పూజ, పాట, పత్రిక అన్నీ జర్మన్‌లోనే సాగేవి. 1843లో మొదలైన 'డెర్ వెస్ట్‌బోటె' పత్రిక డెబ్బయ్యేళ్లకు పైగా నడిచింది. 1848లో ఏర్పడిన 'మెన్నర్‌కోర్' అనే పురుషుల గాన సంఘం ఇప్పటికీ పనిచేస్తోంది. 1865లో కట్టిన సెయింట్ మేరీ బడిలో నేటికీ పాఠాలు జరుగుతున్నాయి. అదే పేరున్న చర్చి శిఖరం 197 అడుగుల ఎత్తు, పేటలో ఎటు నుంచి నడిచినా కనిపిస్తుంది. 2016లో పిడుగు పడి చర్చి దెబ్బతింది. మరమ్మతులతో మూడేళ్లు మూతపడి 2019లో తిరిగి తెరుచుకుంది.

ఇల్లు, వీధి

ఇక్కడి మామూలు ఇల్లు ఒకటిన్నర అంతస్తులది. సున్నపురాయి పునాది, ఎర్ర ఇటుక గోడ, నిటారుగా వాలిన పలకరాతి పైకప్పు, వీధివైపు త్రికోణపు ముఖం, పొడవాటి సన్నటి కిటికీలు. గుమ్మం ముందు రెండు మూడు రాతి మెట్లు ఉంటాయి. సాయంత్రం అక్కడ కూర్చున్న మనిషి దారినపోయేవాళ్లను పలకరించకుండా ఉండలేడు. ఒకే గోడకు అటూ ఇటూ రెండు కుటుంబాలు ఉండే జంట ఇళ్లు కూడా చాలా ఉన్నాయి. ఒక వాటాలో తాముండి రెండోది అద్దెకిచ్చుకోవడం ఆ కాలపు సంసారులకు కలిసొచ్చిన ఏర్పాటు. డబ్బు చేరాక కట్టిన రెండంతస్తుల ఇటాలియనేట్, క్వీన్ ఆన్ తరహా మేడలు పార్కు చుట్టుపక్కల ఎక్కువ.

ఈ గోడలను దగ్గరికెళ్లి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పాత ఇటుక ఇప్పటి ఇటుకంత గట్టిది కాదు. తక్కువ వేడిలో కాలి మెత్తగా ఉంటుంది, తేమ పీలుస్తుంది. దాన్ని పేర్చిన సున్నం అంతకన్నా మెత్తన. గోడలోకి చేరిన తేమ ఆ సున్నపు అతుకుల గుండా బయటికి పోతుంది. గోడకు మంచు దెబ్బ తగిలితే ముందు చెడేది సున్నమే. యాభై అరవై ఏళ్లకోసారి అతుకులు గీకి కొత్తగా పాయింటింగ్ చేస్తే గోడ ఇంకో రెండు తరాలు నిలుస్తుంది. తెలియక సిమెంటుతో పాయింటింగ్ చేశారా, తేమకు దారి మూసుకుపోతుంది. శీతాకాలంలో లోపలి నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక ముఖం పొరలుపొరలుగా రాలిపోతుంది. అందుకే ఇక్కడ ఇల్లు కొన్నవాళ్లు మొదట వెతికేది సున్నపు పని తెలిసిన మేస్త్రీని. గానుగ సున్నంతో కట్టిన మన పాత మండువా ఇళ్లకు సిమెంటు పూసి గోడలు చెడగొట్టుకున్నవాళ్లకు ఈ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు.

వీధులు కూడా చాలావరకు ఇటుకవే. ఒహాయో మట్టితో, నెల్సన్‌విల్ వంటి ఊళ్ల బట్టీల్లో గాజులా బిగుసుకునేదాకా కాల్చిన ఇటుకలకు ఒకప్పుడు దేశమంతటా గిరాకీ ఉండేది. వాటి మీద కారు వేగంగా పోతే చక్రాలు గడగడలాడతాయి, డ్రైవరు తనంతట తానే నెమ్మదిస్తాడు. వేగ నిరోధకాలు చేసే పని ఇక్కడ రోడ్డే చేసిపెడుతుంది. రెండు పక్కలా పెద్ద చెట్లు, వాటి నీడలో ఇటుకల కాలిబాట, పక్కన ఇనప కంచెలు, అరచేతి వెడల్పు తోటలు. కళ్లకు ఎప్పుడూ ఏదో ఒకటి తగులుతూ ఉండటం వల్ల దూరం తెలియదు. నడకకు అనువైన వీధి అంటే పక్కన కాలిబాట ఉండటం ఒక్కటే కాదని నేను గట్టిగా నమ్ముతాను. మనిషి నడక వేగానికి సరిపడా వివరాలు ఆ వీధిలో ఉండాలి, ఇక్కడ ఉన్నాయి.

అలాగని అందరికీ ఇది సులువైన నడక కాదు. చెట్ల వేళ్లు కాలిబాటను ఎత్తేస్తాయి. ఒక ఇటుక లేచి పక్కది దిగబడితే ముసలివాళ్ల కాలు మడతపడుతుంది, చక్రాల కుర్చీ ఆగిపోతుంది. చలికాలంలో ఇటుకల మధ్య నీరు గడ్డకట్టి జారుతుంది. ఇంటి ముందు మంచు ఎత్తిపోయాల్సింది ఇంటివాళ్లే, ఒక్కరు బద్ధకిస్తే వీధి మొత్తానికీ ఇబ్బంది. పాతదనం కాపాడాలనే పట్టుదలలో ఈ కష్టాన్ని చిన్నచూపు చూడటం తప్పు. నడవలేనివాళ్లకు నడిచే పేట ఉపయోగపడాలంటే ఇటుకల్ని ఎప్పటికప్పుడు తీసి మళ్లీ సమం చేసి పరవాలి. అందుకు డబ్బు, ఓపిక రెండూ కావాలి.

కూలిన కాలం

మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా జర్మనీ మీద యుద్ధం ప్రకటించగానే ఈ పేట మీద అనుమానం కమ్ముకుంది. షిల్లర్ వీధి విట్టియర్ అయింది, బిస్మార్క్ వీధి లాన్సింగ్ అయింది, జర్మేనియా వీధి స్టూవర్ట్ అయింది, కైజర్ వీధి లియర్ అయింది. షిల్లర్ పార్కు పేరు కూడా కొన్నాళ్లపాటు వాషింగ్టన్ పార్కుగా మారింది. జర్మన్ పుస్తకాలను తగలబెట్టారు. 1918లో 'డెర్ వెస్ట్‌బోటె' ఆగిపోయింది. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు జర్మన్ నేర్పకూడదని 1919లో ఒహాయో చట్టం చేసింది. 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది కానీ, అప్పటికే ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లలతో ఇంగ్లిషులో మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక భాష వీధిలోంచి తొలగిపోవడానికి నాలుగైదేళ్ల భయం చాలిందన్నది ఈ పేట చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించే విషయం.

ఆ యుద్ధపు దెబ్బ తెలుగునేలకు కూడా తగిలింది. నాయుడుపేట, గూడూరు, తిరుపతి ప్రాంతాల్లో 1865 నుంచి పనిచేస్తున్న హెర్మన్స్‌బర్గ్ మిషన్ జర్మన్లది కావడంతో బ్రిటిష్ ప్రభుత్వం కింద కొనసాగలేకపోయింది. దాని బడులు, చర్చిల బాధ్యతను జర్మన్ మూలాలున్న ఒహాయో లూథరన్ సినాడ్ తీసుకుంది. ఆ సినాడ్ పాదిరీలకు చదువు చెప్పే సెమినరీ కొలంబస్‌లోనే ఉండేది. సొంత ఊళ్లో జర్మన్ మాటకే నిషేధం ఎదుర్కొంటున్నవాళ్లు, అదే కాలంలో చిత్తూరు, నెల్లూరు జిల్లాల తెలుగు సంఘాలను నిలబెట్టే పని భుజానికెత్తుకున్నారు. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ చర్చి ఆ పరంపరలోదే.

పేటలో భాష పోయిన వెనకే బతుకుతెరువూ పోయింది. మద్యనిషేధంతో బీరు బట్టీలు మూతపడ్డాయి. ఉద్యోగాలు పోయినవాళ్లు, కాస్త డబ్బున్నవాళ్లు కార్లు కొనుక్కొని శివార్లకు వెళ్లారు. నగరపాలకులు ఈ ప్రాంతంలో కర్మాగారాలకూ అనుమతులిచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో ట్రాము పట్టాలు, ఇనప కంచెలు పాత ఇనుము కింద కరిగిపోయాయి. 1950ల నాటికి ఇది మురికివాడగా లెక్కకొచ్చింది. పాత పేటలో ఉత్తరపు వైపు దాదాపు మూడో వంతును నగరం కూల్చేసింది. నగర కేంద్రానికీ పేటకూ మధ్య హైవే వచ్చింది. ఇప్పుడు థర్డ్ స్ట్రీట్ వంతెన మీద నడిచి అవతలికి పోయేవాళ్లకు కింద పారే కార్ల ప్రవాహం ఆ కూల్చివేత ఫలితమే.

నిలబెట్టినవాళ్లు

నగరపాలక సంస్థలో ఉద్యోగం చేసిన ఫ్రాంక్ ఫెచ్, ఈ ఇళ్లను మిగతావాళ్లంతా పనికిరానివని కొట్టిపారేస్తున్న రోజుల్లో సౌత్ వాల్ స్ట్రీట్‌లో ఒక పాత ఇంటిని బాగుచేసుకున్నాడు. రిటైరయ్యాక చుట్టుపక్కలవాళ్లను కూడగట్టి 1960లో జర్మన్ విలేజ్ సొసైటీ స్థాపించాడు. వాళ్లు మొదట చేసింది వాదన కాదు, ప్రదర్శన. బాగుచేసిన ఇళ్ల తలుపులు ఒక్కరోజు జనానికి తెరిచారు. 'హౌస్ ఉండ్ గార్టెన్' పేరిట ఆ సందర్శన ఏటా జూన్‌లో జరుగుతూ వస్తోంది. పడగొట్టాల్సిన కొంప అనుకున్నది లోపలికెళ్లి చూస్తే ముచ్చటైన ఇల్లుగా కనబడేసరికి కొనేవాళ్లు వచ్చారు, బ్యాంకుల చూపు మారింది. బెక్ స్ట్రీట్‌లోని చిన్న పార్కుకు తరవాత ఫెచ్ పేరే పెట్టారు.

1963లో నగర పాలక మండలి చట్టబద్ధంగా జర్మన్ విలేజ్ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. అప్పటి నుంచి ఇంటి బయటివైపు కిటికీ, తలుపు, పైకప్పు, కంచె ఏది మార్చాలన్నా ముందు ఆ కమిషన్ ఆమోదం కావాలి. ఇంటి లోపల మీ ఇష్టం. చెక్క కిటికీ తీసేసి ప్లాస్టిక్‌ది పెడతానంటే ఒప్పుకోరు. సొంత ఇంటికి ఇన్ని ఆంక్షలేమిటని విసుక్కునేవాళ్లు ఉన్నారు, వాళ్ల ఖర్చు నిజమైనదే. పలకరాతి కప్పు మరమ్మతు తారు షింగిళ్ల కన్నా ఎన్నో రెట్లు ఖరీదు. అయినా కమిషన్ లేకపోయుంటే, ఒక్కో ఇల్లూ పడగొట్టి పార్కింగు స్థలంగా మార్చడానికి 1960ల కొలంబస్‌లో అడ్డుపడేవాళ్లు ఉండేవాళ్లు కాదు. వీధిలో రెండిళ్లు పోయి ఖాళీ జాగా వచ్చిందంటే ఆ వీధిలో నడక చచ్చిపోతుంది. కాబట్టి ఈ విషయంలో నేను కమిషన్ పక్షమే.

రోజువారీ జీవితం

పేటకు గుండెకాయ షిల్లర్ పార్కు. 23 ఎకరాల ఈ పార్కులో చెరువు, పెద్ద చెట్లు, నడక దారులు ఉన్నాయి. 1891 జులై 4న ఇక్కడి జర్మన్లు చందాలేసుకొని ప్రతిష్ఠించిన కవి షిల్లర్ కంచు విగ్రహం మ్యూనిక్‌లోని విగ్రహానికి నకలు. వేసవి సాయంత్రాల్లో యాక్టర్స్ థియేటర్ వాళ్లు ఆరుబయట వేదిక మీద షేక్‌స్పియర్ నాటకాలు ఆడతారు. 1982 నుంచి నడుస్తున్న ఈ నాటకాలకు టిక్కెట్టు లేదు. జనం దుప్పట్లు, మడత కుర్చీలు, తినుబండారాలు పట్టుకొని నడిచి వస్తారు, చీకటి పడ్డాక నడిచే వెళ్తారు. కుక్కను తిప్పేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, పెళ్లి ఫొటోలు దిగేవాళ్లు పొద్దుటి నుంచి రాత్రిదాకా ఉంటారు. చెరువు దగ్గర గొడుగు పట్టుకున్న అమ్మాయి విగ్రహం పిల్లలకు ఇష్టం. పాతది 1950లలో మాయమైపోతే, ఇప్పుడున్నది 1996లో వచ్చింది.

థర్డ్ స్ట్రీట్‌లో 'బుక్ లాఫ్ట్' ఉంది. అంతర్యుద్ధానికి ముందటి కట్టడాలను కలిపి 32 గదులుగా చేసిన పుస్తకాల కొట్టు ఇది. ఒకప్పుడు అక్కడ కిరాణా కొట్టు, సారాయి దుకాణం, సినిమా హాలు ఉండేవి. ఇరుకు మెట్లు ఎక్కి, తల వంచి గుమ్మాలు దాటుకుంటూ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతుంటే రెండు గంటలు ఇట్టే గడుస్తాయి. కొలంబస్ ఉత్తర శివార్లలోని డబ్లిన్, పోవెల్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవు రోజు చుట్టాలను ఊరు చూపించడానికి తీసుకొచ్చే చోట్లలో ఇదొకటి. శివార్ల నుంచి వచ్చినవాళ్లకు కారు నిలిపే జాగా వెతుక్కోవడమే పెద్ద పని. పేటవాసులకు మాత్రం పర్మిట్ల పద్ధతి ఉంది.

జర్మన్ వాసన తిండిలో ఎక్కువగా మిగిలింది. ష్మిట్ కుటుంబం 1886లో మాంసం తయారీ వ్యాపారం మొదలుపెట్టింది, 1967లో కొసూత్ స్ట్రీట్‌లోని పాత గుర్రపుశాలలో హోటలు తెరిచింది. అక్కడి పేరున్న వంటకం 'బహామా మామా'. పంది, గొడ్డు మాంసాలు కలిపి కారం దట్టించి పొగబెట్టిన సాసేజ్ అది. కొరికితే పైతొక్క టప్పున తెగుతుంది, లోపలి కొవ్వు వేడిగా నోట్లోకి దిగుతుంది. పక్కన పుల్లటి క్యాబేజీ, వెచ్చటి ఆలుగడ్డ సలాడ్ పెడతారు. చివర్లో అరపౌను బరువుండే క్రీమ్ పఫ్. జర్మన్ కానివాళ్లూ ఈ పేటను తమది చేసుకున్నారు. 1942లో ఒక మాసిడోనియన్ కుటుంబం పెట్టిన థర్మన్ కెఫే బర్గర్లకు జనం వరసలో నిలబడతారు.

ఇక్కడి నుంచి పనికి నడిచి పోయేవాళ్లూ ఉన్నారు. తూర్పున కొద్ది దూరంలోనే పిల్లల పెద్దాసుపత్రి ఉంది, ఉత్తరాన వంతెన దాటితే ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు. విట్టియర్ వీధిలో సూపర్ మార్కెట్ ఉంది. డిసెంబరులో ఒక రాత్రి కిటికీల్లో, కాలిబాటల పక్కన దీపాలు పెడతారు. మే నెలలో ఒక శనివారం పేటంతా ఇళ్ల ముందు పాత సామాను పెట్టుకొని అమ్ముతారు.

ఇలాంటి ఇతర పేటలు

జర్మన్ వలస పేటలు అమెరికాలో చాలా ఉన్నాయి. వాటి గతులు మాత్రం వేరువేరు. అదే ఒహాయోలోని సిన్సినాటిలో ఓవర్ ద రైన్ అనే పేట జర్మన్ విలేజ్ కన్నా పెద్దది, కట్టడాలు ఎత్తైనవి. సరదాగా 'రైన్' అని పిలుచుకున్న కాలువకు అవతల ఉండటంతో దానికి ఆ పేరు వచ్చింది. అక్కడి ఫిండ్లే మార్కెట్ పందొమ్మిదో శతాబ్దం నుంచి నడుస్తోంది, 1878 నాటి మ్యూజిక్ హాల్ నేటికీ కచేరీలకు నెలవు. అయితే ఆ పేట జర్మన్లు వెళ్లిపోయాక పేద నల్లజాతీయుల నివాసమైంది. 2001లో పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోవడంతో అల్లర్లు రేగాయి. ఆ తరవాత పెట్టుబడి భారీగా వచ్చింది, 2016లో ట్రాము వచ్చింది, అద్దెలు పెరిగి పాత కాపురస్తులు చాలామంది వెళ్లిపోయారు. షికాగోలోని లింకన్ స్క్వేర్‌లో 1875 నాటి మెర్జ్ మందుల దుకాణం ఇప్పటికీ ఉంది, బ్రౌహౌస్ అనే పేరుమోసిన జర్మన్ హోటలు మాత్రం 2017లో మూతపడింది. న్యూయార్క్ యార్క్‌విల్‌లో 1937 నాటి మాంసం కొట్టు ఒకటి, కొన్ని చర్చిలు తప్ప పాత జర్మన్ జాడలు తక్కువే.

వీటి పక్కన పెట్టి చూస్తే జర్మన్ విలేజ్‌లో నిలిచినది భాషో జాతో కాదు, వీధుల అమరిక. ఇక్కడ ఇంట్లో జర్మన్ మాట్లాడేవాళ్లు ఇప్పుడు అరుదు. బీరు కూలీ కోసం కట్టిన ఒకటిన్నర అంతస్తుల ఇంటిని నేటి కూలీ కొనలేడు. కొలంబస్‌లో ఖరీదైన ఇళ్లున్న ప్రాంతాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. అమెరికా నగరాల్లో నడిచి బతకగల చోట్లు తక్కువ, కోరుకునేవాళ్లు ఎక్కువ. ధర పెరగడానికి ఆ ఇటుకల అందం కన్నా ఈ కొరతే పెద్ద కారణమని నా ఉద్దేశం. కొత్త కాలనీల్లో ఇంత చిన్న స్థలాలకు, మూలమలుపు కొట్లకు అనుమతి దొరకడం కష్టం కాబట్టి కొరత తీరే దారీ కనపడదు. ఇక్కడ కొనలేనివాళ్లు దక్షిణాన మెరియన్ విలేజ్, తూర్పున షూమాకర్ ప్లేస్‌ల వైపు వెళ్తున్నారు. అక్కడా అవే కాలపు చిన్న ఇళ్లు, అవే సందులు ఉన్నాయి. షిల్లర్ పార్కుకు నడిచి రావచ్చు, ధరలు మాత్రం అక్కడా పెరుగుతున్నాయి.